మర్దన చేసే చేతికి చదువు కావాలి

భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 1,100 మెగావాట్లు. దగ్గర్లోనే భూపాలపల్లి సింగరేణి గనులు. నడుము నొప్పి, మెడ పట్టేయడం ఈ రెండుచోట్లా పనిచేసే కష్టజీవులకు కొత్త కాదు. ఇలాంటిచోట మర్దన, మట్టిపట్టీ, తొట్టిస్నానం వంటి ప్రకృతి చికిత్సలు నేర్చిన యువతకు ఉపాధి దొరకాలి.

ప్రకృతి వైద్యుడు కావాలంటే హైదరాబాద్‌లోని గాంధీ ప్రకృతి వైద్య కళాశాల వంటిచోట బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ) చదవాలి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. అంతకాలం చదివే స్తోమత లేనివారికి చికిత్సా సహాయకుల కొలువు మంచి దారి. దానికీ గట్టి శిక్షణ ఉండాల్సిందే. జ్వరం ఉన్నప్పుడు, ఎముక విరిగినప్పుడు ఒళ్లు పట్టకూడదు. కాలి సిరలో రక్తం గడ్డకట్టినచోట రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు, ప్రాణమే పోవచ్చు. నాలుగు రోజుల్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టే శిక్షణ ఇవన్నీ నేర్పగలదా? శరీర నిర్మాణం, శుభ్రత, రోగి సమ్మతి, ఆసుపత్రిలో అభ్యాసం కలిపి కనీసం ఏడాదైనా పడుతుంది.

ఆయుష్ శాఖ పర్యవేక్షణలో అలాంటి ఏడాది కోర్సును ప్రభుత్వం భూపాలపల్లి జిల్లాలోనే ప్రారంభించాలి. మహిళా రోగులకు మహిళలే చికిత్స చేసేలా ఆడపిల్లలకు సగం సీట్లు ఇవ్వాలి. ఈలోగా ఏ సంస్థలోనైనా ఫీజు కట్టేముందు, దాని సర్టిఫికెట్‌కు ఎవరి గుర్తింపు ఉందో యువత కాగితం చూసి మరీ తేల్చుకోవాలి.