బండిని కాదు, ఎయిర్ హారన్‌ను తీయండి

కోయిలకుంట్ల బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ అమ్మే బండి ముందు కాసేపు నిలబడండి. రెండు ప్లేట్లు కావాలని ఒక్కసారి చెబితే ఆయనకు వినపడదు. మెడ తిప్పి, రోడ్డుకు ఎడంగా ఉన్న చెవిని మన నోటి దగ్గరికి తెస్తాడు. అంతలో వెనక లారీ హారన్ మోగుతుంది. రెండు వేళ్లు చూపిస్తే గానీ పని జరగదు.

నంద్యాల, జమ్మలమడుగు, బనగానపల్లె, ఆళ్లగడ్డ వైపు పోయే బళ్లెన్నో ఈ ఊరి మీదుగా పోతాయి. శనగ బస్తాల ట్రాక్టర్లు, నాపరాళ్ల లారీలు, సిమెంటు లోడ్లు, బస్సులు. మనం ముక్కు చిట్లించి రెండు నిమిషాల్లో దాటిపోతాం. పూలమ్మే అమ్మ, పండ్ల బండాయన, చెప్పులు కుట్టే పెద్దాయన పొద్దుగూకేదాకా అక్కడే ఉండాలి. ఆ మోత వాళ్ల కూలిలో భాగమన్నట్టు మనం ఊరుకుంటున్నాం. ఇది అన్యాయం.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం వాణిజ్య ప్రాంతంలో పగలు 65, రాత్రి 55 డెసిబెల్స్ దాటకూడదు. ఈ లెక్క మామూలు కూడిక కాదు. మూడు డెసిబెల్స్ పెరిగితే చెవిని తాకే శబ్దశక్తి రెట్టింపవుతుంది. 65 ఉండాల్సిన చోట 85 ఉంటే అది వంద రెట్లు. 85 స్థాయిలో రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఏళ్ల తరబడి గడిపితే లోపలి చెవిలోని సన్నని రోమకణాలు చచ్చిపోతాయి, మళ్లీ మొలవవు. మొదట పోయేది సన్నని, కీచు శబ్దాలు వినే శక్తి. అందుకే మాట వినపడుతుంది, ఏమన్నారో తెలియదు. ఇంటికెళ్లి పడుకున్నా చెవుల్లో గీమంటూనే ఉంటుంది. నిద్ర చెడుతుంది, రక్తపోటు పెరుగుతుంది. రోడ్డు మోత ఆరోగ్యానికి చేటు చేస్తుందనే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఐరోపా దేశాలకు సగటున 53 డెసిబెల్స్ దాటొద్దని చెప్పింది.

చట్టానికేం తక్కువ లేదు. అనవసరంగా హారన్ కొడితే తొలిసారి వెయ్యి, మళ్లీ కొడితే రెండు వేలు జరిమానా. శబ్ద నియంత్రణ ప్రమాణాలు దాటిన వాహనానికి పదివేల దాకా పడుతుంది, జైలు కూడా ఉండొచ్చు. కర్ణకఠోరమైన, రాగాలు తీసే హారన్లు బిగించడమే నిషిద్ధం. మోత లేకుండా బతకడం జీవించే హక్కులో భాగమని 2005లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అయినా ట్రాఫిక్ చక్కదిద్దుతామంటే మన ఊళ్లలో మొదట కదిలించేది తోపుడు బండినే. మోత చేసేవాడు హాయిగా పోతాడు, దాన్ని భరించేవాడు చోటు పోగొట్టుకుంటాడు. ఈ వరస మారాల్సిందే.

ఫిట్‌నెస్‌కు వచ్చిన ప్రతి లారీకీ ఎయిర్ హారన్ ఉంటే అక్కడే పీకించాలి. పోలీసులకు శబ్దం కొలిచే మీటర్లివ్వాలి. కేంద్రం 2011లో నెలకొల్పిన కొలత కేంద్రాలు హైదరాబాద్‌తో సహా ఏడు మహానగరాల్లోనే మొదలయ్యాయి. కోయిలకుంట్ల నడిరోడ్డున ఎంత మోత ఉందో కొలవకుండా కేసు ఎలా పెడతారు?

రోడ్డు పక్క వ్యాపారులకు ఏడాదికోసారి ఉచితంగా వినికిడి పరీక్ష చేయాలి, అదీ ఊళ్లోని ప్రభుత్వాసుపత్రిలోనే. ఒక రోజు బేరం వదులుకుని నంద్యాల పోయే స్థితి వాళ్లకు లేదు. ఆ పరీక్షకు సద్దులేని గది కావాలి. ఆసుపత్రి చుట్టూ వంద మీటర్లను నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చనీ, అక్కడ పగలు 50 డెసిబెల్స్ మించకూడదనీ నియమం. అధికారులు ముందు ఆ ప్రకటన చేసి, అక్కడ బోర్డు పాతి, హారన్ కొట్టిన తొలి లారీకి ఆ రోజే చలానా రాయాలి.