మిగులెంత? నిలబడేదెన్నాళ్ళు?



ఉద్యోగస్తుడికి ఒకటో తారీకు ఉంటుంది. కూలోడికి నెల అనేదే లేదు. పనున్న రోజు, పన్లేని రోజు, అంతే అతని క్యాలెండరు. కానీ ఫైనాన్సు వాయిదాకి నెలుంది. బడి ఫీజుకి నెలుంది. గ్యాసుకి, మందులకి, ఫోను రీచార్జికి నెలుంది. ఆ రీచార్జి నెల 28 రోజులే కాబట్టి ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు కట్టాలి.

మొన్న బడిలో ఆదాయ వ్యయాల లెక్క చెబుతున్నాం. రాబడిలోంచి ఖర్చు తీసేస్తే మిగులు వస్తుందని బోర్డు మీద రాశాం. పేట పిల్లోడొకడు లేచి, "మిగలకపోతే ఏం రాయాలండీ?" అన్నాడు. సున్నా రాయమన్నాం. "మా అమ్మ అప్పు తెత్తాదండి, అది సున్నా ఎలాగవుద్దండీ?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికే ఈ సంపాదకీయం.

ముందు రాబడి చూద్దాం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి పనికి రోజు కూలి 307 రూపాయలు. వంద రోజులూ దొరికితే ఏడాదికి 30,700. పన్నెండు నెలలకు పంచితే నెలకు 2,558 రూపాయలు. వంద రోజులూ పని దొరికిన ఇళ్ళు మీ పేటలో ఎన్ని? వేళ్ళమీద లెక్కపెట్టండి.

మిగతాదంతా పొలం పని మీదే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. సార్వా, దాళ్వా రెండు పంటలు పండే నేల మనది. నీళ్ళు పొలానికొచ్చాయి గానీ పొలం మనకి రాలేదు. ఉన్న పని కూడా తరిగిపోతోంది. కోతకు మిషనొచ్చింది. వరిచేలు చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయిపోయాయి. వరికి ఊడ్పు, కలుపు, కోత, నూర్పు అని ఎన్ని చేతులు కావాలో చెరువుకి అన్ని అక్కర్లేదు. అందుకే మగాళ్ళు తాపీ పనికి హైదరాబాదు పోతున్నారు. ఆడాళ్ళు కువైట్, మస్కట్ విమానం ఎక్కి పరాయి పిల్లల్ని ఎత్తుకుంటున్నారు. ఇక్కడ వాళ్ళ పిల్లలు అమ్మమ్మ దగ్గర.

ఇక ఖర్చు. బియ్యం ఉచితమే కదా అంటారు. నిజమే. కార్డులో మనిషికి నెలకు 5 కిలోలు. ముప్పై రోజులకు పంచితే రోజుకు 167 గ్రాములు. నడుం వంచి ఊడ్చే మనిషికి అది ఒక పూట తిండి. రెండో పూట బియ్యం, పప్పు, నూనె, కూర, చేప అన్నీ కొనుక్కోవాల్సినవే.

అసలు రోగం వడ్డీ. పదివేలు నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 500. ఏడాదికి 6,000. ఇరవై నెలలకు అసలంత వడ్డీ కట్టేస్తాం, అసలు మాత్రం కదలదు. సూక్ష్మ రుణ సంస్థల ఆగడాలు భరించలేక ఆత్మహత్యలు జరిగాక, 2010 అక్టోబరులో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం వాటి మీద ఆర్డినెన్స్ తెచ్చింది. పీడ పోయిందనుకున్నాం. మళ్ళీ పేటల్లోకి వచ్చి చాపలేసుకుని కూర్చుంటున్నారు. 2022లో రిజర్వు బ్యాంకు ఒక నిబంధన పెట్టింది. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్న ఇంటికి ఇచ్చే ఇలాంటి అప్పుల్లో, వాయిదాలన్నీ కలిపి ఆ ఇంటి నెల రాబడిలో సగం దాటకూడదట. అంటే సగం దాకా లాక్కోవచ్చన్నమాట! పది రూపాయలు తెచ్చే ఇల్లు ఐదు వాయిదాకిచ్చి, ఐదుతో బతకాలి. అయినా ఆ నిబంధనలోనే మనకి పనికొచ్చే ముక్క ఒకటుంది. ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలు కోసం ఫోన్లు చెయ్యకూడదు. తిట్టకూడదు, బెదిరించకూడదు. గుమ్మం ముందు కేకలేసేవాడికి ఈ మాట చెప్పండి.

ఇంకో మాట చెప్పకపోతే మన పత్రికకి నిజాయితీ ఉండదు. 2024 అక్టోబరులో మన రాష్ట్రంలో క్వార్టరు సీసా 99 రూపాయలకు పెట్టారు. రోజుకొకటి, నెలకు ఇరవై ఆరు రోజులు తాగితే 2,574 రూపాయలు. పైన చెప్పిన ఉపాధి లెక్క మళ్ళీ చూడండి, నెలకు 2,558. ఒకచేత్తో సర్కారు ఇచ్చింది ఇంకోచేత్తో పట్టుకుపోతోంది, పైగా 16 రూపాయలు ఎదురు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడాళ్ళు సారాకొట్టు మూయించారు. వాళ్ళు చదివింది మన లెక్కల పుస్తకం కాదు, వాళ్ళింటి లెక్క.

అయితే కూలోళ్ళు తాగి తగలేస్తారు, దాచుకోవడం తెలీదు అని నీతులు చెప్పేవాళ్ళ మాట మేము ఒప్పుకోం. తాగని ఇంట్లో కూడా నెలాఖరుకి ట్రంకుపెట్టెలో ఏమీ ఉండటం లేదు. దాచుకోవాలంటే ముందు చేతికి రావాలి కదా?

మిత్రులారా, మిగులు అంటే మధ్యతరగతోడికి ఫ్రిజ్జు, బంగారం, స్థలం. మనకి మిగులు అంటే వేరు. కూలి లేకుండా ఎన్ని రోజులు మన పొయ్యి వెలుగుతుందో అదీ మన మిగులు.

పాతికేళ్ళ కిందటి మా ఇంటి సంగతి చెబుతాం. మా డిగ్రీ పరీక్ష ఫీజుకి నాన్న కామందు దగ్గర మూడొందలు తెచ్చాడు. ఆ ఏడు కోతల్లో కూలి పెంచమని పేటంతా పని మానేసింది. మూడో రోజు తెల్లారకుండానే కామందు మనిషి మా గుమ్మంలో నిలబడ్డాడు. నాన్న మారు మాట్లాడకుండా కొడవలి తీసుకుని ఒక్కడూ చేలోకి దిగాడు. పేటలో ఎవరూ ఒక్కమాట అనలేదు. ప్రతి ఇంట్లోనూ అలాంటి మూడొందలు ఉన్నాయి మరి. నాలుగో రోజు అందరూ దిగారు, పాత కూలికే. ఆ ఫీజుతో రాసిన పరీక్షే మాకు డిగ్రీ ఇచ్చింది. ఆ అప్పు మేమింకా తీర్చలేదు.

1928లో బొంబాయి ప్రభుత్వం వేసిన స్టార్ట్ కమిటీలో బాబాసాహెబ్ సభ్యుడు. సొంత ఆర్థిక ఆధారం లేని అణగారిన కులాల మీద అన్నిటికన్నా పదునైన ఆయుధం సాంఘిక బహిష్కారమేనని 1930 నాటి ఆ నివేదిక చెప్పింది. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం దగ్గర మొదలైన గొడవలో దళితులను వెలేశారు. పనుల్లోకి పిలవలేదు. ఎనభై ఏడేళ్ళ తర్వాత కూడా అదే ఆయుధం! వెలి వెయ్యడం నేరమని 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం చెబుతోంది. కేసు పెట్టాల్సిందే. కానీ కేసు తేలేదాకా పిల్లలకి అన్నం పెట్టేది చట్టం కాదు.

2025 డిసెంబరులో ఉపాధి హామీ చట్టం స్థానంలో 125 రోజులంటూ కొత్త చట్టం చేశారు. వ్యవసాయ పనులు ముమ్మరంగా ఉండే కాలంలో మొత్తం 60 రోజుల దాకా పనులు ఆపడానికి అందులో వీలు పెట్టారు. ఊడ్పులప్పుడే కదా కూలోడి మాటకి బలం? సరిగ్గా అప్పుడే రెండో గుమ్మం మూసేస్తే, కామందు చెప్పిందే కూలి.

కాబట్టి కూలి రేటు కోసం, పని దినాల కోసం, భూమి కోసం పోరాటం ఆగదు. ఆ పోరాటానికి గింజలు కావాలి. 60 ఇళ్ళున్న పేట ఒకటి తీసుకోండి. రాత్రి వంటకి బియ్యం కొలిచేటప్పుడు ఇంటికి వంద గ్రాములు, ఒక గుప్పెడు, పక్కన తీయండి. నెలకు 180 కిలోలు. ఆరు నెలలకు 1,080 కిలోలు. ఇంటికి రోజుకు రెండు కిలోల చొప్పున పేటంతటికీ తొమ్మిది రోజులు. ఊడ్పుల్లో పేట తొమ్మిది రోజులు నిలబడితే మడిలో నారు ముదిరిపోతుంది. అప్పుడు కబురు కామందు నుంచి వస్తుంది.

బియ్యం ఆడాళ్ళ చేతిలో ఉండాలి. పురుగు పట్టకుండా పాతవి ముందు వాడి కొత్తవి పొయ్యాలి. లెక్క నెలకోసారి అంబేద్కర్ బొమ్మ దగ్గర అందరి ముందు చదవాలి. అందులోంచి ఒక్క గింజ కూడా ఏ నాయకుడి మీటింగు భోజనాలకీ పోకూడదు. మేమొచ్చి అడిగినా ఇవ్వకండి.

కోనసీమ జిల్లాకు 2022లో అంబేద్కర్ పేరు వచ్చింది. ఆ పేరు కోసం మనం పడ్డ మాటలు, చూసిన మంటలు మర్చిపోలేదు. ఇప్పుడు ప్రతి పేటలోనూ ఒక కాగితం తీసి రాబడి, ఖర్చు, అప్పు, వడ్డీ రాయండి. రాయడం రానివాళ్ళకి బడి పిల్లలు రాసిపెడతారు. అడుగున మిగులెంత అని కాదు, "మేం ఎన్ని రోజులు నిలబడగలం?" అని రాయండి. ఈ నెల అక్కడ సున్నా ఉంటే సిగ్గుపడక్కర్లేదు. వచ్చే సార్వా నాటికి అక్కడ తొమ్మిది ఉండాలి.

జై భీమ్!