వ్యాపారుల దావాకు 120 రోజులు, మన గట్టు దావాకు ఎన్నేళ్ళు?



మొన్న మళ్ళీ వాయిదాకి వెళ్ళొచ్చాను. కలుపు కూలీలను పొలంలో వదిలేసి బస్సెక్కి పోతే, పది నిమిషాల్లో ఇంకో తేదీ ఇచ్చి పంపారు. మా గట్టు దావాలో అవతలివాళ్ళు జవాబు వేయడానికే 14 నెలలు పట్టింది. "దీనికి గడువంటూ లేదా అండీ?" అని ప్లీడరు గారిని అడిగాను. ఆయన చెప్పింది, నేను తెలుసుకున్నది మీకూ చెబుతాను.

గడువు ఉంది. సివిల్ దావాలు నడిచే పద్ధతి 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. పార్లమెంటు దాన్ని సవరించింది. 2002 జూలై 1 నుంచి, సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు వేయాలి, కారణం చూపితే 90 రోజుల దాకా ఇవ్వొచ్చు. కానీ 90 దాటితే ఏమవుతుందో గట్టిగా రాయలేదు. దాంతో 2005లో సుప్రీంకోర్టు, మరీ కష్టమైన సందర్భాల్లో ఆ పైన కూడా జడ్జి గారు గడువు ఇవ్వొచ్చని చెప్పింది. కింది కోర్టుల్లో ఆ "మరీ కష్టమైన సందర్భం" రోజూ కనపడుతూనే ఉంది!

ఇక రెండో సంగతి చూడండి. 2015లో వ్యాపార తగాదాలకని పార్లమెంటు వేరే చట్టం తెచ్చింది. అందులో 120 రోజులు దాటితే జవాబు వేసే హక్కే పోతుందని, కోర్టు కూడా తీసుకోకూడదని రాసింది. 2019లో సుప్రీంకోర్టు కూడా అది తప్పనిసరేనని చెప్పింది. అంటే గట్టిగా రాయాలనుకుంటే రాయగలరు. వ్యాపారులకు రాశారు, మనకు రాయలేదు.

"రేపు మనమే ప్రతివాదులమైతే?" అంటారా? నిజమే. వలసపోయిన పేదవాడికి సమన్లే అందకపోవచ్చు. అందుకే నేననేది, సమన్లు చేతికి అందినట్టు రుజువయ్యాకే 120 రోజులు లెక్కపెట్టాలి. అది దాటితే, మంచానపడ్డాడన్నంత కారణం ఉంటే తప్ప తీసుకోకూడదు. తీసుకున్నా, తిరిగినవాడి బస్సు ఛార్జీలు, పోయిన కూలి ఆలస్యం చేసినవాడే కట్టాలి.

ఇది ఢిల్లీ పని మాత్రమే అనుకోకండి. సివిల్ ప్రొసీజర్ ఉమ్మడి జాబితాలో ఉంది. రాష్ట్రపతి ఆమోదం తీసుకుని మన అసెంబ్లీ కూడా మన రాష్ట్రం వరకు మార్చుకోవచ్చు.

ఎమ్మెల్యే ఊళ్ళోకొస్తే రోడ్డు అడుగుతాం, కాలువ అడుగుతాం. ఈసారి ఇది కూడా అడుగుదాం. కోర్టు చుట్టూ తిరిగి తిరిగి చివరికి గట్టు వదులుకున్నవాళ్ళు మన ఊళ్ళోనే ఎంతమంది ఉన్నారో ఒక్కసారి లెక్కేసుకోండి.