‘కొట్టివేత’ ఒక్కటే.. ఇంగ్లిష్‌లో మాటలు నాలుగు!

గ్రూప్‌-1 మెయిన్స్‌ ఇంగ్లిష్‌లో రాస్తున్నారా? బ్యాంకు డిస్క్రిప్టివ్‌ పేపర్‌కి సిద్ధమవుతున్నారా? అయితే ఎక్కడో ఒకచోట కోర్టు తీర్పు ప్రస్తావన తప్పదు. పొద్దున్నే తెలుగులో చదివిన వార్తను పరీక్షలో ఇంగ్లిష్‌లోకి మారుస్తాం. ఒక్క మాట తేడా వస్తే తీర్పే తలకిందులవుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. స్కిల్‌ డెవలప్‌మెంట్‌ కేసులో చంద్రబాబు నాయుడు వేసిన క్వాష్‌ పిటిషన్‌ను ఏపీ హైకోర్టు 2023 సెప్టెంబరు 22న కొట్టివేసింది. దీన్ని ‘ది హైకోర్ట్‌ క్వాష్డ్‌ ద కేస్‌’ అని రాశారనుకోండి. కేసే పోయిందని అర్థం! జరిగింది దానికి పూర్తిగా రివర్స్‌. పోయింది పిటిషన్‌, కేసు అప్పటికి అలాగే ఉంది. ‘డిస్మిస్డ్‌ ద పిటిషన్‌’ అని రాయాలి.

ఏం కొట్టేశారు?

తెలుగులో అన్నిటికీ ‘కొట్టివేత’ సరిపోతుంది. ఇంగ్లిష్‌లో మాత్రం దేన్ని కొట్టేశారో చూసుకోవాలి.

* పిటిషన్‌, అప్పీల్‌ అయితే: డిస్మిస్డ్‌
* ఎఫ్‌ఐఆర్‌, క్రిమినల్‌ ప్రొసీడింగ్స్‌ అయితే: క్వాష్డ్‌
* కింది కోర్టు తీర్పు అయితే: సెట్‌ అసైడ్‌
* చట్టం, పథకం రాజ్యాంగ విరుద్ధమని తేలితే: స్ట్రక్‌ డౌన్‌. 2024 ఫిబ్రవరి 15న ఎలక్టోరల్‌ బాండ్ల పథకం విషయంలో సుప్రీంకోర్టు చేసింది ఇదే.

ఇది మార్కులతో పోయే విషయం కాదు. 2023 జూన్‌ 11న జరిగిన తెలంగాణ గ్రూప్‌-1 ప్రిలిమ్స్‌ను హైకోర్టు సింగిల్‌ జడ్జి సెప్టెంబరు 23న రద్దు చేశారు. కమిషన్‌ అప్పీల్‌కు వెళ్తే, డివిజన్‌ బెంచ్‌ 27న దాన్ని డిస్మిస్‌ చేసింది. ‘కొట్టివేత’ అని హెడ్డింగ్‌ చూసి రద్దునే కొట్టేశారనుకుంటే మునిగినట్టే. అప్పీల్‌ డిస్మిస్‌ అయిందంటే రద్దు ఖాయమైనట్టు. దీన్నే ‘అప్‌హెల్డ్‌’ అంటారు.

ఆగిందా? పోయిందా?

‘స్టే’ అంటే ఆగడమే, పోవడం కాదు. మోదీ ఇంటిపేరుపై వ్యాఖ్యల కేసులో సూరత్‌ కోర్టు 2023 మార్చి 23న రాహుల్‌ గాంధీకి రెండేళ్ల జైలుశిక్ష వేసింది. మర్నాడే లోక్‌సభ సభ్యత్వం పోయింది. ఏప్రిల్‌లో సెషన్స్‌ కోర్టు శిక్ష అమలును ఆపినా సభ్యత్వం తిరిగి రాలేదు. శిక్ష ఆగితే చాలదు, దోషి అన్న నిర్ధారణ, అంటే కన్విక్షన్‌ కూడా ఆగాలి. ఆగస్టు 4న సుప్రీంకోర్టు ఆ కన్విక్షన్‌పై స్టే ఇచ్చింది. 7న సభ్యత్వం తిరిగొచ్చింది. దీన్ని ‘అక్విటెడ్‌’ అని రాస్తే తప్పు. అక్విటెడ్‌ అంటే నిర్దోషి అని తేలినట్టు. ఇక్కడ రాయాల్సింది ‘స్టేడ్‌ ద కన్విక్షన్‌’.

‘మీద’ అంటే ‘ఆన్‌’ కాదు

‘అతని మీద కేసు వేశారు’ అంటాం కదా అని ‘ఫైల్డ్‌ ఏ కేస్‌ ఆన్‌ హిమ్‌’ అని రాసేస్తుంటారు. ‘ఎగైనెస్ట్‌ హిమ్‌’ అనాలి. ‘సూ’ క్రియ పక్కన ఏదీ అక్కర్లేదు: ‘షి సూడ్‌ ద కంపెనీ’. అక్యూజ్డ్‌ ఆఫ్‌, చార్జ్డ్‌ విత్‌, కన్విక్టెడ్‌ ఆఫ్‌, సెంటెన్స్‌డ్‌ టు.. వీటిని జంటలుగానే గుర్తుపెట్టుకోండి. సివిల్‌ దావాలో ఓడినవారు ‘గిల్టీ’ కారు, ‘లయబుల్‌’ అవుతారు. తీర్పు రాకముందే నిందితుణ్ని దోషిలా రాయడం భాషా దోషమే కాదు, అన్యాయం కూడా.

ఈసారి కోర్టు వార్త చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఏ కోర్టు? దేని గురించి చెప్పింది? అది ఆగిందా, పోయిందా? జవాబులు దొరికాకే పెన్ను పట్టండి. రేపు మీ నోటిఫికేషన్‌ కోర్టుకెక్కితే, వాట్సాప్‌ పుకార్లకు కంగారు పడకుండా ఆర్డర్‌ కాపీని మీరే చదువుకోగలుగుతారు.