ముఖానికి కాస్త విశ్రాంతి
పొడిబారి, ముట్టుకుంటే మండే ముఖానికి కావలసింది మరో క్రీము కాదు. ఉన్నవాటిలో చాలావరకు పక్కన పెట్టే ఓపిక

కడుక్కున్న అయిదు నిమిషాలకే ముఖం బిగుసుకుపోతుంది. నవ్వితే బుగ్గలు లాగుతాయి. ముక్కు పక్కన, కనుబొమల మధ్య సన్నగా పొట్టు లేస్తుంది. ఏ క్రీము రాసినా ముందు చురుక్కుమంటుంది, ఆ తర్వాత ఎర్రబడుతుంది. చలికాలపు ఢిల్లీలోనే కాదు, డిసెంబర్ గాలికి పొడిబారే హైదరాబాద్‌లోనూ, ఏడాది పొడవునా ఏసీ చల్లదనంలో నడిచే ఆఫీసుల్లోనూ ఈ బాధ చాలామందికి పరిచయమే.

దీనికి చాలామంది వెతికే పరిష్కారం ఇంకొకటి కొనడం. సబ్బు పడలేదని ఫేస్‌వాష్, అది పడలేదని టోనర్, దాని మీద సీరం, వారానికోసారి స్క్రబ్, ఆదివారం నాడు శనగపిండి, నిమ్మరసం. రెండు నెలలు తిరిగేసరికి అద్దం ముందున్న అర నిండిపోతుంది. ముఖం మాత్రం మునుపటికంటే ఎర్రగా ఉంటుంది. చివరికి మందుల షాపులో ఎవరో ఒక చిన్న ట్యూబు చేతిలో పెడతారు. మూడు రోజుల్లో మంట మాయమవుతుంది, ముఖం తేటపడుతుంది. అసలు కష్టాలు మొదలయ్యేది అక్కడే. ఆ ట్యూబు సంగతి చెప్పుకునే ముందు, ముఖం ఎందుకు మండుతుందో తెలుసుకోవాలి.

గోడకు పడిన బీటలు

చర్మం పైపొర చాలా పలచన. ముఖం మీద దాని మందం మిల్లీమీటరులో 50వ వంతు కూడా ఉండదు. శరీరంలోని నీరు ఆవిరైపోకుండా, బయటి రసాయనాలు, సూక్ష్మజీవులు లోపలికి చొరబడకుండా కాపలా కాసేది ఇదే. 1980ల్లో అమెరికా చర్మ శాస్త్రవేత్త పీటర్ ఎలియాస్ పరిశోధనలతో ఈ పొరను ఇటుకల గోడతో పోల్చడం వాడుకలోకి వచ్చింది. చదునైన మృతకణాలు ఇటుకలు. వాటి మధ్య ఉండే సిరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు సున్నం. సున్నం కరిగిపోతే గోడకు బీటలు పడతాయి. నీరు బయటికి పోతుంది కనుక చర్మం పొడిబారుతుంది. బయటివి లోపలికి వస్తాయి కనుక మండుతుంది. పొడి చర్మం, సున్నిత చర్మం తరచూ జంటగా కనిపించడానికి కారణం ఇదే.

అయితే రెండూ ఒకటి కాదు. దురదపై పరిశోధించే అంతర్జాతీయ వేదికకు చెందిన నిపుణులు 2017లో సున్నిత చర్మానికి ఒక నిర్వచనం ప్రచురించారు. మామూలుగా ఏ ఇబ్బందీ కలిగించని వాటికి కూడా చర్మం మంట, పోటు, దురద, చిమచిమలతో స్పందించడమే దాని సారాంశం. ఎర్రదనం కనిపించినా సరే, కనిపించకపోయినా సరే. కాబట్టి 'పైకి ఏమీ లేదు కదా, అంతా నీ భ్రమ' అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేయడం సరికాదు.

సబ్బు లెక్క

గోడలోని సున్నాన్ని కరిగించడంలో మొదటి ముద్దాయి సబ్బు. ఆరోగ్యమైన చర్మం కొంచెం ఆమ్ల గుణంతో ఉంటుంది. దాని పీహెచ్ సుమారు 5. మామూలు స్నానపు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 వరకు ఉంటుంది. మురికితోపాటు అది కొవ్వును కూడా కడిగేస్తుంది. కడిగిన తర్వాత చర్మం తన సహజ స్థితికి రావడానికి గంటలు పడుతుంది. రోజుకు నాలుగుసార్లు సబ్బుతో ముఖం కడిగేవారి చర్మానికి ఆ వ్యవధే దొరకదు.

సబ్బు కొనేటప్పుడు చదువుకున్నవారు చూసే అంకె టీఎఫ్ఎం, అంటే మొత్తం కొవ్వు పదార్థం. భారతీయ ప్రమాణాల ప్రకారం అది 76 శాతం ఉంటే మొదటి గ్రేడు. ఆ అంకె ఎక్కువగా ఉంటే సబ్బు నాణ్యమైనదే. కానీ మొదటి గ్రేడు సబ్బు కూడా సబ్బే, క్షారమే. పొడి ముఖానికి సబ్బు కాని క్లెన్సర్లే మేలు. సిండెట్ అని పిలిచే ఈ బార్లు, నురగ అంతగా రాని లోషన్లు చర్మం పీహెచ్‌కు దగ్గరగా ఉంటాయి. నురగ రాకపోతే శుభ్రపడలేదనిపించడం అలవాటు వల్ల కలిగే భావన మాత్రమే. కడిగాక ముఖం 'కరకరలాడడం' శుభ్రతకు గుర్తు కాదు, కొవ్వు పోయిందనడానికి గుర్తు.

వంటింటి నుంచి వచ్చేవన్నీ సాధువులు కావు

'ఇంట్లోదే కదా, హాని ఏముంటుంది' అన్న ధీమా ఈ దేశంలో గట్టిగానే ఉంది. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది. బీటలు పడిన చర్మంపై దాన్ని రాయడం పుండు మీద పులుపు పిండడమే. పైగా నిమ్మజాతి రసాలు రాసుకుని ఎండలోకి వెళ్తే కొందరికి బొబ్బలు, నల్లమచ్చలు వస్తాయి. శనగపిండి, సున్నిపిండి జిడ్డు చర్మానికి పనికొస్తాయి. పొడి చర్మం మీద మాత్రం అవి మిగిలిన కాస్త నూనెను పీల్చేస్తాయి. వాటిని రుద్దడం వల్ల కలిగే రాపిడి అదనం.

నూనెలన్నీ కూడా ఒకటి కాదు. ఉత్తర భారతంలో, బంగ్లాదేశ్‌లో పసిపిల్లలకు ఆవనూనె మర్దన తరతరాల ఆచారం. ఎలుకలపై జరిపి 2002లో ప్రచురించిన ప్రయోగాల్లో ఆవనూనె చర్మపు గోడ కోలుకోవడాన్ని ఆలస్యం చేసింది. పొద్దుతిరుగుడు నూనె వేగవంతం చేసింది. పొడి చర్మం ఉన్నవారిపై 2004లో ప్రచురితమైన ఒక పరీక్షలో కొబ్బరినూనె మినరల్ ఆయిల్‌తో సమానంగా పనిచేసింది. అయితే ఆ పరీక్ష కాళ్లపై జరిగింది. మొటిమలు వచ్చే ముఖానికి కొబ్బరినూనె అంత అనుకూలం కాదు. కాబట్టి అమ్మమ్మ మాట వినేటప్పుడు ఆమె ఏ నూనె వాడిందో, ఎక్కడ రాసిందో కూడా అడగాలి.

మూడే మెట్లు

సున్నితమైన ముఖానికి రోజువారీ సంరక్షణ ఎంత చిన్నదైతే అంత మంచిది. కడగడం, తేమ నిలపడం, ఎండ నుంచి కాపాడడం. అంతే.

ఉదయం గోరువెచ్చని నీళ్లతో కడిగితే చాలు. రాత్రి జిడ్డు, సన్‌స్క్రీన్, రోడ్డు దుమ్ము పోవడానికి క్లెన్సర్ ఒక్కసారి వాడాలి. గీజర్ నుంచి వచ్చే వేడినీళ్లు ఒంటికి హాయిగా ఉండవచ్చు కానీ ముఖానికి పడవు. తువ్వాలుతో రుద్దకుండా అద్దాలి.

రెండో మెట్టు మాయిశ్చరైజర్. ఇందులో మూడు రకాల పదార్థాలు పనిచేస్తాయి. గ్లిజరిన్, హైలురానిక్ ఆమ్లం వంటివి నీటిని పట్టి ఉంచుతాయి. సిరమైడ్లు, కొవ్వు పదార్థాలు ఇటుకల మధ్య సందులు పూడుస్తాయి. పెట్రోలియం జెల్లీ, డైమెథికోన్ వంటివి పైన మూతలా నిలిచి నీరు ఆవిరి కాకుండా ఆపుతాయి. వీటిలో కనీసం రెండు రకాలున్న క్రీమును, ముఖం ఇంకా తడిగా ఉండగానే రాయాలి. ఆరిన చర్మానికి క్రీము రాయడమంటే నీళ్లన్నీ పోయాక కుండకు మూత పెట్టడం లాంటిది. విశాఖపట్నం, చెన్నై వంటి ఉక్కపోత ఊళ్లలో పలచటి లోషన్ సరిపోతుంది. పొడిగాలి వీచే చోట చిక్కటి క్రీము అవసరం.

మూడోది సన్‌స్క్రీన్. రసాయన ఫిల్టర్లకు కళ్లు, బుగ్గలు మండేవారికి జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవి సాధారణంగా సరిపడతాయి. ఎస్‌పీఎఫ్ 30 చాలు. చామనఛాయ ముఖంపై అవి తెల్లగా పూత పూసినట్టు కనిపిస్తాయన్న ఫిర్యాదు నిజమే. లేత రంగు కలిపినవి అందుకు విరుగుడు.

కొనేటప్పుడు చూడవలసింది ధర కాదు, డబ్బా వెనకవైపు. పరిమళం లేనివి ఎంచుకోవాలి. 'అన్‌సెంటెడ్' అని రాసి ఉన్నా, మరో వాసనను కప్పిపెట్టడానికి అందులో సుగంధ ద్రవ్యం ఉండవచ్చు. 'హైపోఅలర్జెనిక్' అన్న మాట పరీక్షలో నెగ్గిన పట్టా ఏమీ కాదు. నిల్వ కోసం కలిపే మిథైల్‌ఐసోథియాజోలినోన్ అనే పదార్థాన్ని అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013లో 'ఏడాది అలర్జీ కారకం'గా ప్రకటించింది. ముఖాన నిలిచే క్రీముల్లో అది లేకపోవడమే మంచిది.

కొత్తది ఏదైనా ఒకసారికి ఒక్కటే మొదలుపెట్టాలి. ముందు మోచేతి లోపలివైపు చిన్న రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు, వారం పది రోజులు రాసి చూడాలి. ఏమీ కాకపోతేనే ముఖానికి. నాలుగు కొత్తవి ఒకేసారి రాసి ముఖం మండితే, దోషి ఎవరో తేల్చడం ఏ డాక్టర్‌కూ తేలిక కాదు. గోడ తిరిగి కట్టుకోవడానికి కనీసం నాలుగు వారాలు పడుతుంది. అంతవరకు స్క్రబ్బులు, పీల్స్, రెటినాల్, పండ్ల ఆమ్లాలు అలమరలోనే ఉండాలి.

దోషి మరోచోట ఉండవచ్చు

ముఖాన ఏమీ రాయకపోయినా కనురెప్పలు వాచి, పొట్టు రాలుతుంటే వేళ్లవైపు చూడాలి. గోళ్ల రంగు అలర్జీ తరచూ బయటపడేది కనురెప్పల మీదే. నుదురు, చెవుల చుట్టూ దురద పెడితే జుట్టు రంగులోని పీపీడీని అనుమానించాలి. నుదుట బొట్టు పెట్టే చోట దురద, తెల్లమచ్చ వస్తే స్టిక్కర్ జిగురు కారణం కావచ్చు. మగవారికి గడ్డం గీసుకున్నాక రాసే ఆఫ్టర్‌షేవ్‌లోని ఆల్కహాల్, పటిక ఇదే పని చేస్తాయి.

కొన్నిసార్లు అది అసలు పొడి చర్మమే కాకపోవచ్చు. ముక్కు పక్కన పసుపు పచ్చటి పొట్టు సెబోరిక్ డెర్మటైటిస్ కావచ్చు. బుగ్గలు తరచూ కందిపోవడం రొజేషియా కావచ్చు. ఒళ్లంతా పొడిబారి నీరసం, బరువు పెరగడం తోడైతే థైరాయిడ్ పరీక్ష అవసరం. స్పర్శ తెలియని పొడి మచ్చను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకూడదు. అది కుష్ఠువ్యాధి తొలి లక్షణం కావచ్చు, సకాలంలో మందులు వాడితే పూర్తిగా నయమవుతుంది.

ఆ చిన్న ట్యూబు

ఇక మందుల షాపులో చేతికి వచ్చిన ట్యూబు దగ్గరికి వద్దాం. మూడు రోజుల్లో ముఖాన్ని తేటపరిచేది చాలాసార్లు స్టెరాయిడ్. చర్మవ్యాధుల్లో హైడ్రోకార్టిసోన్ పూత గుణం 1952లో వెల్లడైనప్పుడు వైద్యులకు అది గొప్ప వరం. ఇప్పటికీ వరమే, వైద్యుడి చేతిలో ఉన్నంతవరకు. కానీ బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటివి నెలల తరబడి ముఖాన రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నటి ఎర్రని రక్తనాళాలు పైకి తేలతాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే ముఖం నిప్పులా మండుతుంది. ఆ మంట భరించలేక మళ్లీ రాస్తారు. ఎర్రదనాన్ని తగ్గించే మందే ఎర్రదనానికి కారణమవుతుంది. మనిషి మాత్రం తనది పుట్టుకతో సున్నిత చర్మమని నమ్ముతూ ఉంటాడు.

ఇది ఎక్కడో ఒకరిద్దరి గోడు కాదు. దేశంలోని పలు ఆస్పత్రుల్లో ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 433 మంది స్టెరాయిడ్ పూతలు వాడుతున్నట్టు తేలింది. వారిలో 29 శాతం మంది వాటిని ఫెయిర్‌నెస్ క్రీముగానో, ఆఫ్టర్‌షేవ్‌గానో రాసుకుంటున్నారు. దాదాపు 60 శాతం మందికి వాటిని సూచించింది వైద్యులు కాదు. 90 శాతం మందిలో దుష్ఫలితాలు కనిపించాయి. చర్మ వైద్యుల జాతీయ సంఘం దీనిపై ప్రత్యేక కార్యదళాన్నే ఏర్పాటు చేసింది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతలను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. అయితే నోటిఫికేషన్ కౌంటర్ దగ్గర నిలబడి కాపలా కాయదు. ట్యూబు మీది సన్నటి అక్షరాలు చదివే పని కొనేవారిదే.

ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవారు భయపడి ఒక్కసారిగా మానేయడం కంటే చర్మ వైద్యుడిని కలవడం మంచిది. ఎలా తగ్గించాలో, మధ్యలో ఏ మందు ఆసరాగా ఇవ్వాలో వారికి తెలుసు. కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు. ఆ నెలల్లోనూ ముఖానికి అవసరమయ్యేవి మళ్లీ ఆ మూడు మెట్లే. మెత్తటి క్లెన్సర్, సాదా మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్.

వీటితో మూడు రోజుల్లో అద్భుతం జరగదు. నాలుగు వారాల తర్వాత ఒక ఉదయం ముఖం కడుక్కున్నాక బుగ్గలు లాగడం లేదని గుర్తుకొస్తుంది. ముఖం ఉందన్న సంగతి మరిచిపోగలగడమే ఆ ముఖం బాగుపడిందనడానికి తొలి గుర్తు.