నిర్లక్ష్యమునకు బలియైనవారికి దక్కునది భిక్షయా, హక్కా?

2019 ఫిబ్రవరి 12వ తేదీ తెల్లవారుజామున ఢిల్లీ నగరములో, కరోల్ బాగ్ గురుద్వారా రోడ్డులోని అర్పిత్ ప్యాలెస్ అను హోటలు తగులబడి 17 మంది మరణించినారు. బంధువుల పెండ్లికై కేరళనుండి వచ్చిన కుటుంబములోనివారే ముగ్గురు అందులో ఉన్నారు. మంటలకు తాళలేక పై అంతస్తునుండి దూకి ప్రాణములు విడిచినవారు కూడ ఉన్నారు. నడవల గోడలకు కొట్టిన చెక్క పలకలవలన మంట శీఘ్రముగా వ్యాపించినదని అగ్నిమాపక అధికారులే చెప్పినారు. ఇంతకును ఆ హోటలు వద్ద అగ్నిమాపక శాఖవారి నిరభ్యంతర పత్రము ఉన్నది! ప్రమాదము జరిగిన తరువాత అదే శాఖవారు కరోల్ బాగ్ హోటళ్లను తిరిగి తనిఖీ చేసి అనేకమైన వాటి పత్రములు రద్దు చేసినారు. పదిహేడు శవములు లేచిన తరువాత కనిపించిన లోపములు అంతకు ముందు వారి కంటికి ఏల ఆనలేదో ఎవరును చెప్పలేదు.

ఈ విషయమును మన పత్రికలో వ్రాయుటకు కారణమున్నది. కోర్టు పనిమీదనో, సంఘ సమావేశమునకో, పిల్లల పోటీ పరీక్షలకో ఢిల్లీ చేరిన మనవంటి జీతగాండ్రు స్టేషనుకు దగ్గర, అద్దె తక్కువ అని రాత్రి తలదాచుకొను వీధులివి. అక్కడ ప్రమాదములు ఆ ఒక్కటితో ఆగలేదు. 2024 జూలై 27న ఆ ప్రక్కనే ఉన్న ఓల్డ్ రాజేందర్ నగర్‌లో, సామానులు పెట్టుకొనుటకు మాత్రమే అనుమతి ఉన్న నేలమాళిగను గ్రంథాలయముగా నడిపిన ఒక కోచింగు కేంద్రములోనికి వరదనీరు చొచ్చి, సివిల్ సర్వీసు పరీక్షలకు చదువుచున్న ముగ్గురు విద్యార్థులు మునిగి చనిపోయినారు. వారిలో ఒక యువతి కుటుంబము మన తెలంగాణలో నివసించుచున్నదే. అదే సంవత్సరము సెప్టెంబరు 18న కరోల్ బాగ్ బాపా నగర్‌లో ఇల్లు కూలి నలుగురు మరణించినారు. 2025 జూలైలో అక్కడి ఒక పెద్ద దుకాణములో మంటలు రేగగా, లిఫ్టులో చిక్కుకొని ఒక యువకుడు ప్రాణము విడిచినాడు.

ప్రతిసారియు తరువాత జరుగు తంతు ఒక్కటే. మంత్రులు వచ్చెదరు, విచారణకు ఉత్తరువు వెలువడును, హోటలు మేనేజరు అరెస్టగును, ఎక్స్‌గ్రేషియా ప్రకటింపబడును. అర్పిత్ ప్యాలెస్ మృతుల కుటుంబములకు ఢిల్లీ ప్రభుత్వము తలకు 5 లక్షల రూపాయలు ప్రకటించినది. ఇచ్చినందుకు మాకు ఆక్షేపణ లేదు. కాని ఎక్స్‌గ్రేషియా అను లాటిను మాటకు అర్థము "దయతో" అని. దయ చూపవలెనని ఎవరును దావా వేయజాలరు. ఇచ్చిన సొమ్ము మనమందరము కట్టిన పన్నులలోనిది. చెక్క పలకలు కొట్టించినవాడు గాని, వాటిని చూడక సంతకము చేసినవాడు గాని అందులో ఒక్క పైసా ఇచ్చినవాడు కాడు.

క్రిమినలు కేసు ఉన్నది కదా అనవచ్చును. ఉన్నది. నిర్లక్ష్యముచే మరణము కలిగించినందుకు పాత శిక్షాస్మృతిలో రెండేండ్లవరకు, ఇప్పటి న్యాయసంహిత 106వ సెక్షనులో ఐదేండ్లవరకు శిక్ష. అయితే ఆ కేసు ప్రభుత్వమునకును ముద్దాయికిని నడుమ జరుగునది; చనిపోయినవాని భార్య అందులో సాక్షి మాత్రమే. ఆమె ఇంటి అద్దెకు, పిల్లల ఫీజులకు జవాబు ఆ కేసులో దొరకదు. దానికి సివిలు కోర్టుకు పోవలెను. ఆధారము 1855 నాటి ప్రాణాంతక ప్రమాదముల చట్టము. కంపెనీ పాలనలో పుట్టినది. దావా మొత్తమునుబట్టి కోర్టు ఫీజు చెల్లించి, తప్పు ఎదుటివానిదేనని తానే నిరూపించి, అప్పీళ్లన్నియు దాటి రావలెను.

ఎంతకాలము పట్టునో ఉపహార్ సినిమాహాలు కేసు చూచినచో తెలియును. 1997 జూన్ 13న దక్షిణ ఢిల్లీలోని ఆ హాలులో పొగకు ఊపిరాడక 59 మంది మరణించినారు. క్రింద విద్యుత్ బోర్డువారి ట్రాన్స్‌ఫార్మరు. పైన బాల్కనీలో అదనపు సీట్లు వేసి మూసిన దారి. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లిదండ్రులు ఒక సంఘముగా ఏర్పడి హైకోర్టుకు ఎక్కినారు. విడివిడిగా పోయియుండినచో ఆ కేసు మొదటి వాయిదాలలోనే చచ్చియుండెడిదని మా అభిప్రాయము. 2003లో హైకోర్టు ఇరువదేండ్లు దాటిన మృతుని కుటుంబమునకు 18 లక్షలు, అంతకు చిన్నవారి విషయములో 15 లక్షలు ఇప్పించగా, 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ మొత్తములను 10 లక్షలకు, 7.5 లక్షలకు తగ్గించినది. హాలు యజమాని నూటికి 85 వంతులు, విద్యుత్ బోర్డు 15 వంతులు భరించవలెనన్నది. లైసెన్సు ఇచ్చిన అధికారిని, నగరపాలక సంస్థను బాధ్యతనుండి తప్పించినది. దురుద్దేశము లేదా బుద్ధిపూర్వకమైన అధికార దుర్వినియోగము రుజువైననే తప్ప వారు నష్టపరిహారమునకు బాధ్యులు కారట!

అదే నగరపాలక సంస్థ 1966లో ఇదే సుప్రీంకోర్టులో ఓడిపోయినది. చాందినీ చౌక్ గడియారపు గోపురము కూలి బాటసారులు మరణించిన కేసు అది. 40, 45 ఏండ్లకు మించి నిలువని సున్నపు కట్టడము 80 ఏండ్లనాటిదై యుండగా, అది కూలుటయే నిర్లక్ష్యమునకు నిదర్శనమని, లోపము పైకి కనిపించలేదనుట చెల్లదని న్యాయమూర్తులు తీర్పు చెప్పినారు. కట్టడము తనదైనచో సంస్థ బాధ్యురాలు. పరుల కట్టడమునకు పరిశీలింపక పత్రమిచ్చినచో బాధ్యురాలు కాదు. కరోల్ బాగ్ మృతులు ఈ సందులోనే పడిపోయినారు.

ఇక రైల్వే కార్మికులకు తెలిసిన చట్టమును దీని ప్రక్కన పెట్టి చూడుడు. 1989 రైల్వే చట్టము 124, 124-ఏ సెక్షనుల ప్రకారము రైలు ప్రమాదములో గాని, రైలునుండి ప్రమాదవశాత్తు జారిపడి గాని మరణించిన ప్రయాణికుని కుటుంబము రైల్వేల తప్పును నిరూపించవలసిన పని లేదు. ఆత్మహత్య, మత్తు, స్వంత నేరము వంటి మినహాయింపులు తప్ప, 2017 జనవరి 1 నుండి మరణమునకు 8 లక్షలు క్లెయిమ్స్ ట్రిబ్యునలు ఇప్పించును. మృతుని వద్ద టికెట్టు దొరకనంత మాత్రమున క్లెయిము పోదని 2018లో సుప్రీంకోర్టు చెప్పినది. 124-ఏ సెక్షనులో "ప్రయాణికుడు" అన్న మాటలో విధినిర్వహణలో ఉన్న రైల్వే ఉద్యోగియు చేరినాడన్న సంగతి మనవారిలోనే అనేకులకు తెలియదు. పనిలో గాయపడిన కార్మికునకు తప్పెవరిదను ప్రశ్న లేకుండ పరిహారమను సూత్రము 1923లోనే చట్టమై, 2020 సామాజిక భద్రతా స్మృతిలోనికి వచ్చినది. మోటారు వాహనమునకు ఇన్సూరెన్సు లేనిదే రోడ్డెక్కరాదు. ప్రమాదకర పదార్థములతో వ్యాపారము చేయువారికి 1991 చట్టమున్నది; కరోల్ బాగ్‌కు కొద్ది దూరములో నజఫ్‌గఢ్ రోడ్డున శ్రీరామ్ కర్మాగారమునుండి 1985 డిసెంబరులో విషవాయువు వెలువడిన కేసులో సుప్రీంకోర్టు మినహాయింపులు లేని సంపూర్ణ బాధ్యతను స్థాపించినది.

అనగా న్యూఢిల్లీ స్టేషనులో రైలునుండి జారిపడి మరణించినవానికి చట్టము హక్కుగా పరిహారమిచ్చును. అతడే క్షేమముగా దిగి, రిక్షాలో కరోల్ బాగ్ చేరి, గది అద్దెకు తీసుకొని, నిద్రలో కాలిపోయినచో అతని భార్య పదేండ్లు కోర్టు మెట్లెక్కవలెను. ఈ తేడాకు న్యాయమైన కారణమేదియు మాకు కనిపించుటలేదు.

మన శాఖల సంగతి దాచుట ధర్మము కాదు. 1898 పోస్టాఫీసు చట్టము 6వ సెక్షను ఉత్తరము పోయినను, ఆలస్యమైనను ప్రభుత్వము బాధ్యత వహింపదన్నది. 2024 జూన్ 18న అమలులోనికి వచ్చిన 2023 చట్టము కూడ, నిబంధనలలో చెప్పినంత మేరకు తప్ప శాఖకు బాధ్యత లేదనుచున్నది. మోసముతో గాని, కావలెనని గాని చేయనంతవరకు ఉద్యోగికి ఇచ్చిన రక్షణ సరియైనదే. దానిని మేము సమర్థించెదము. శాఖకిచ్చిన రక్షణను సమర్థించవలసిన అవసరము మనకు లేదు. ఇంటర్వ్యూ కార్డు గడువు దాటి అందిన నిరుద్యోగికి శాఖ జవాబుదారీ కానప్పుడు, అతని కోపమంతయు కౌంటరు గుమాస్తాపైనను, పోస్టుమాన్‌పైనను పడును. శాఖకు నష్టము వచ్చినప్పుడో, 1965 క్రమశిక్షణా నియమావళి 11వ నియమము చూపి జీతమునుండి రికవరీ! రైల్వేలలో 1968 నియమావళి 6వ నియమముది ఇదే పని. పైవాని సంతకమునకు వెల లేదు గాని, క్రిందివాని జీతమునకు కోత ఉన్నది.

రాజేందర్ నగర్‌లోనూ ఇదే తీరు. పోలీసులు అరెస్టు చేసినవారిలో, నీరు నిలిచిన వీధిలో కారు నడిపిన ఒక బాటసారి ఉన్నాడు. అతని కారు లేపిన అలవలన గేటు విరిగినదట! అతనికి ఆగస్టు 1న బెయిలు వచ్చినది. మరునాడు హైకోర్టు పోలీసుల తీరును ఎద్దేవా చేసి, వాన నీటికి చలానా వ్రాయలేదు, అదే పదివేలన్న ధోరణిలో మాట్లాడి, దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించినది.

మేము కోరునది పెద్ద కోరిక కాదు. హోటళ్లు, సినిమాహాళ్లు, కోచింగు కేంద్రములు, పెద్ద దుకాణములు ప్రజల పేర తప్పనిసరిగా ఇన్సూరెన్సు చేయవలెను. మరణమునకు రైల్వేలలోవలె తప్పు నిరూపించనక్కరలేని పరిహారము ఉండవలెను. చూడక పత్రమిచ్చిన సంస్థ అందులో వాటా భరించవలెను. అద్దెలు పెరుగునని లాడ్జీల వారనవచ్చును. లారీకి సాధ్యమైనది లాడ్జీకి కాకపోదు. పైగా తన డబ్బు పోవునన్న భయముతో వచ్చు ఇన్సూరెన్సు కంపెనీ మనిషి చెక్క పలకను చూచు చూపు వేరుగా ఉండును. దీనివలన దోషి తప్పించుకొనునను వాదమును మేము అంగీకరింపము. క్రిమినలు కేసు నడుచుచునే యుండును. అధిక నష్టమునకు దావా హక్కు మిగిలియే యుండును.

అట్టి చట్టము వచ్చువరకు ఉన్న దారులను మన శాఖల కార్యదర్శులు తెలిసియుండవలెను. హోటలు గది తీసుకొన్నవాడు వినియోగదారుడే. 2019 వినియోగదారుల చట్టము క్రింద రెండేండ్లలో జిల్లా కమిషనుకు పోవచ్చును. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటనంతవరకు ఫీజు లేదు. 1855 చట్టము క్రింద దావాకు మరణమునుండి రెండేండ్లు గడువు. రైల్వే క్లెయిముకు ఒక్క సంవత్సరమే. ఎక్స్‌గ్రేషియా చెక్కు తీసుకొన్నచో ఈ హక్కులు పోవునని కొందరు భయపెట్టుచున్నారు. అది నిజము కాదు. అయితే ఇకపై ఏ క్లెయిమూ లేదని వ్రాసియున్న కాగితముపై మాత్రము సంఘమునకు చూపకుండ సంతకము చేయవద్దు. హోటలు రసీదు, పోస్టుమార్టం నివేదిక, ప్రథమ సమాచార నివేదిక నకలు మొదటి వారములోనే సేకరించి భద్రపరచుడు, తరువాత దొరకవు.