నాలుగు సెకన్లు

మా ఆఫీసులో సర్వర్ పడిపోతే, అది ఎన్ని గంటలకి పడిందో అందరికీ తెలుస్తుంది. అసలు తప్పు ఎక్కడ జరిగిందో తెలియాలంటే మాత్రం లాగ్‌లు తిరగేసుకుంటూ రెండు మూడు రోజులు వెనక్కి పోవాలి. సైకిల్ రేసులు చూసేటప్పుడు కూడా ఈ అలవాటు నన్ను వదల్లేదు.

ఫ్రాన్స్‌లో ఆల్ప్ ద్యుయెజ్ అని 1,850 మీటర్ల ఎత్తున ఒక స్కీయింగ్ ఊరుంది. చలికాలమంతా మంచు మీద జారేవాళ్లు, వేసవి రాగానే సైకిళ్లవాళ్లు. కింద లోయ నుంచి 13.8 కిలోమీటర్ల ఎక్కుడు. సగటున వంద మీటర్లు తొక్కితే ఎనిమిది మీటర్లు పైకి లేస్తాం. మలుపులు 21, వాటి నంబర్లు వెనక నుంచి ముందుకి. అడుగున 21, చివర 1. కాళ్లు పీకేస్తున్నవాడికి ఇంకా ఎన్ని మిగిలాయో చెప్పడం దయో, హింసో నాకు అర్థం కాదు! మలుపుల దగ్గర బోర్డుల మీద ఇక్కడ గెలిచినవాళ్ల పేర్లుంటాయి. మొదటి పేరు 1952లో గెలిచిన ఫాస్టో కొప్పిది.

దీన్ని డచ్చివాళ్ల కొండ అంటారు. కొండే లేని దేశం వాళ్లు 1976 నుంచి 1989 లోపు ఎనిమిదిసార్లు ఇక్కడ గెలిచారు మరి. ఏడో మలుపంతా వాళ్ల ఆరెంజ్ చొక్కాలే. కానీ 1989 తర్వాత పురుషుల టూర్‌లో ఒక్క డచ్చివాడూ ఇక్కడ గెలవలేదు.

2024 ఆగస్టు 18. మహిళల టూర్ ఆఖరి రోజు, ముగింపు ఈ కొండ మీదే. నెదర్లాండ్స్ అమ్మాయి డెమీ వోలరింగ్, అంతకుముందు ఏడాది విజేత, పొద్దున బయల్దేరేసరికి పోలండ్ అమ్మాయి కాషా నివియాడోమా కంటే 1 నిమిషం 15 సెకన్లు వెనకుంది. ముందున్న గ్లాండన్ కనుమ మీదే వోలరింగ్ విడిపోయింది. వెంట ఒక్క పౌలియనా రోయాకర్స్ మాత్రం అంటిపెట్టుకుని వచ్చింది. లోయ దాటారు, 21 మలుపులూ ఎక్కారు, వోలరింగే గెలిచింది. గెలిచినందుకు 10 సెకన్ల బోనస్. వెనక నివియాడోమా ఒళ్లంతా కూడదీసుకుని తొక్కుతూ 1 నిమిషం 1 సెకను తర్వాత లైన్ దాటింది.

లెక్క వేసుకోండి. 61కి 10 కలిపితే 71. కావాల్సింది 75.

ఇరవై నాలుగున్నర గంటలకు పైగా సాగిన రేసులో తేడా నాలుగు సెకన్లు. వరసగా రెండేళ్లు మూడో స్థానంతో సరిపెట్టుకున్న నివియాడోమాకి టైటిల్ దక్కింది. ఆమెని చూస్తే సంతోషమే. కొండ మీద గెలిచిన మనిషే నేల మీద పడి ఏడుస్తుంటే మాత్రం చూడలేకపోయాను.

వోలరింగ్ రేసు పోయింది ఈ కొండ మీద కాదు. మూడు రోజుల ముందు, ఐదో స్టేజ్‌లో. ఆమ్నేవిల్ ఊరు ఇంకో ఆరు కిలోమీటర్లుందనగా, పసుపు జెర్సీ వేసుకున్న వోలరింగ్ కింద పడింది. 1 నిమిషం 47 సెకన్లు పోయాయి. ఆ స్టేజ్ గెలిచింది ఆమె జట్టులోని అమ్మాయే! ముందున్నవాళ్లు నాయకురాలి కోసం ఎందుకు ఆగలేదన్నది పెద్ద పంచాయితీ అయింది.

ఆ రాత్రి నేను కొండ వీడియో మళ్లీ చూడలేదు. ఆమ్నేవిల్ వీడియోనే పెట్టుకుని, ఆమె పడిన దగ్గర్నుంచి సెకన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.